తొలగింపు పద్ధతిలో 0 = 0 వచ్చింది: సాధనలు అనంతమేనా?

ప్రశ్న:
క, చ, ట అనే మూడు చరరాశులున్న ఈ రేఖీయ సమీకరణాలను తొలగింపు పద్ధతిలో సాధిస్తున్నాను.
(1) క + చ + ట = 6
(2) క + 2చ + 3ట = 14
(3) క + 4చ + 9ట = 36
'క'ను తొలగించడానికి (2) నుంచి (1)ని తీసివేస్తే చ + 2ట = 8, (3) నుంచి (2)ను తీసివేస్తే 2చ + 6ట = 22, (3) నుంచి (1)ని తీసివేస్తే 3చ + 8ట = 30 వచ్చాయి. వీటిలో మొదటి రెండింటినీ కూడి, ఆ మొత్తాన్ని మూడో దాని నుంచి తీసివేయగా 0 = 0 మిగిలింది. అలా వస్తే సాధనలు అనంతమని చదువుకున్నాను; జవాబుల పట్టికలో మాత్రం క = 1, చ = 2, ట = 3 అనే ఏకైక సాధన ఉంది. లోపం ఎక్కడుందో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీ కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే మొదటి రెండు తీసివేతలను కూడితే మధ్యలోని (2) కొట్టుకుపోయి మూడో తీసివేత దానంతటదే వస్తుంది కనుక, మీ చేతిలో ఉన్నవి చూడడానికి మూడైనా నిజానికి రెండే సమీకరణాలు. మీకు వచ్చిన 0 = 0 ఆ మూడోది అదనమని చెబుతుందే గాని, సాధనల సంఖ్య గురించి ఏమీ చెప్పదు. దానిని పక్కన పెట్టి, చ + 2ట = 8ని 2తో గుణించి 2చ + 6ట = 22 నుంచి తీసివేయండి. 2ట = 6 కనుక ట = 3, చ = 2; వీటిని (1)లో ప్రతిక్షేపిస్తే క = 1.

రెండో సమాధానం:
ఇందులో గమనించవలసింది ఇంకొకటి ఉంది. తొలగింపులో వేసే ప్రతి అడుగూ వెనక్కి తీసుకోగలిగినదై ఉండాలి. (2) స్థానంలో (2) − (1)ను రాసి (1)ని అలాగే ఉంచితే, మళ్లీ (1)ని కలిపి (2)ను తిరిగి పొందవచ్చు. సాధనలు మారకపోవడానికి కారణం అదే. మూడింటినీ ఒకేసారి తీసివేతలతో మార్చేస్తే 'క' ఎక్కడా మిగలదు, క = 100 అన్నా ఆ సమీకరణాలకు అభ్యంతరం ఉండదు. ఈ పద్ధతి గాస్ పేరుతో ప్రసిద్ధమైనా, క్రీ.శ. 263లో ల్యూ హుయి వ్యాఖ్యానం రాసిన చైనా గణిత గ్రంథంలో అంతకుముందే ఉంది. అక్కడ ఒక్కో సమీకరణాన్ని ఒక్కో నిలువు వరుసగా లెక్కపుల్లలతో పేర్చి, ఒక వరుసలోంచి మరొకదాన్ని తీసివేస్తూ పోయేవారు. ఒకసారికి ఒక వరుసే మారుతుంది కనుక ఈ చిక్కు వారికి ఎదురై ఉండదనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి సాధనలు నిజంగానే అనంతమైనప్పుడు వచ్చే 0 = 0 ఎలా ఉంటుంది?

రెండో సమాధానం రాసినవారు:
(3)కు బదులు క + 3చ + 5ట = 22 తీసుకోండి. (1)ని కదపకుండా మిగిలిన రెండింటి నుంచి దానిని తీసివేస్తే చ + 2ట = 8, 2చ + 4ట = 16 వస్తాయి; మొదటిదానికి రెట్టింపును రెండోదాని నుంచి తీసివేస్తే 0 = 0. ఇక్కడ మీరు ఏ సమీకరణాన్నీ పోగొట్టుకోలేదు, ఇచ్చిన మూడోదే మొదటి రెండింటి నుంచి పుట్టింది. 'ట'కు ఏ విలువ ఇచ్చినా చ = 8 − 2ట, క = ట − 2 సరిపోతాయి. అదే 22 స్థానంలో 23 ఉంటే చివరకు 0 = 1 వచ్చి, అసలు సాధనే ఉండదు.