క్రేనియోఫారింజియోమా: కణితి మొత్తం తీసేయాలా, కొంత వదిలి రేడియేషన్ ఇవ్వాలా?

చిన్నతల్లి నాన్న:
మా పాపకు తొమ్మిదేళ్లు. తలనొప్పి, చూపు మసక అని తీసుకెళ్తే పిట్యూటరీ గ్రంథి పైన క్రేనియోఫారింజియోమా ఉందన్నారు. ఒక సర్జన్ మొత్తం తీసేద్దాం అంటున్నారు. ఇంకొకరు కంటి నరాల మీద ఒత్తిడి తగ్గేంత వరకే తీసి, మిగిలినదానికి రేడియేషన్ ఇద్దాం అంటున్నారు. కేన్సర్ కాదంటూనే పిల్ల మెదడుకు రేడియేషన్ ఎందుకండీ?

తొలకరి:
నా ఓటు మొత్తం తీసేయడానికే. రేడియేషన్ నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. హార్మోన్లు తగ్గిపోవడం, చదువులో వెనకబడడం, మెదడు రక్తనాళాలు సన్నబడి పక్షవాతం రావడం, అరుదుగా కొత్త కణితి పుట్టడం. ఎదిగే పిల్లకు ఇదంతా ఎందుకు?

వెలుగురేఖ:
తొలకరి గారూ, ఆ నష్టాలన్నీ నిజమే. కానీ ఆపరేషన్ వల్ల వచ్చే నష్టం మీ లెక్కలో లేదు. ఈ కణితి చాలాసార్లు హైపోథాలమస్‌ను అతుక్కుని పెరుగుతుంది. హైపోథాలమస్ అంటే మెదడు అడుగున ఉండే చిన్న భాగం; ఆకలి, దాహం, నిద్ర అన్నీ దాని అదుపులోనే ఉంటాయి. కణితిని ఒలిచి తీసేటప్పుడు అది దెబ్బతింటే కడుపు నిండిన సంగతే పిల్లలకు తెలియదు. మా తమ్ముడికి మొత్తం తీసేశారు, స్కాన్ శుభ్రంగా ఉంది. అమ్మ మాత్రం రాత్రిళ్లు వంటగదికి తాళం వేసుకుంటుంది. వాడు తిండి కోసం ఏడుస్తుంటే "ఆగరా" అనడం ఎంత నరకమో చెప్పలేను.

కొంత తీసి ఊరుకుంటే సగానికి పైగా మళ్లీ పెరుగుతాయి. రేడియేషన్ తోడైతే మాత్రం, తిరగబెట్టకుండా ఆపడంలో అది మొత్తం తీసిన దానికి దాదాపు సమానం. మామూలుగా 54 గ్రే (రేడియేషన్ డోసు కొలత), రోజుకు 1.8 చొప్పున 30 సిట్టింగులు. తల కదలకుండా ముఖానికి అచ్చు పోసిన మాస్క్ వేస్తారు.

నాన్న గారూ, ఒక్క మాట గట్టిగా అడగండి: "మధ్యలో ఎన్నిసార్లు ఎమ్మారై తీస్తారు?" ఈ కణితిలో ఇంజిన్ ఆయిల్ రంగు ద్రవంతో తిత్తులుంటాయి. చికిత్స సాగుతుండగానే అవి ఉబ్బవచ్చు. ఉబ్బి, రేడియేషన్ కోసం గీసుకున్న హద్దు దాటితే ఆ అంచుకు డోసు అందదు. అప్పుడు ప్లాన్ మార్చాలి. రేడియేషన్ అయ్యాక కొన్ని నెలలు తిత్తి పెద్దదిగా కనిపించినా చికిత్స విఫలమైందని కంగారు పడకండి.

ప్రోటాన్ అనే రకం రేడియేషన్ వీలవుతుందా అని కూడా అడగండి. ప్రోటాన్లు కణితి దగ్గరే ఆగిపోతాయి, దాటి వెళ్లే డోసు చాలా తక్కువ. అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 2023లో ప్రచురించిన ఫలితాల్లో కణితి అదుపు మామూలు రేడియేషన్‌తో సమానంగా ఉంది, పిల్లల తెలివితేటలు మాత్రం మెరుగ్గా నిలిచాయి.

తొలకరి:
మరీ చిన్నపిల్లలైతే? కణితి హైపోథాలమస్‌ను తాకకపోతే?

వెలుగురేఖ:
తాకకపోతే మొత్తం తీయడమే మంచిది, అందులో మీతో పేచీ లేదు. మరీ పసివాళ్లకు తిత్తిలోని ద్రవం తీస్తూ రేడియేషన్‌ను వీలైనంత వెనక్కి జరుపుతారు. పెద్దవాళ్లలో వచ్చే పాపిల్లరీ రకం సంగతి వేరు. దానికి మందులున్నాయి. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 మందిలో 15 మందికి కణితి బాగా తగ్గింది. పిల్లల్లో సాధారణంగా వచ్చేది ఆ రకం కాదు.

చిన్నతల్లి నాన్న:
హైపోథాలమస్ గురించి రిపోర్టులో ఒక్క ముక్క లేదు. ఇద్దరు సర్జన్లనూ అదే అడుగుతాను.

వెలుగురేఖ:
అడగండి. ఏ దారి ఎంచుకున్నా ముందు కార్టిసాల్ (జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే హార్మోన్) పరీక్ష చేయించండి. అది తక్కువుంటే జ్వరం, వాంతులు వచ్చినప్పుడు స్టెరాయిడ్ డోసు ఎంత పెంచాలో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చేత కాగితం మీద రాయించుకోండి.