ఎలక్ట్రిక్ వాటర్ పంపు కొత్తది వేశాక కూడా హీటెక్కుతోంది (ఎన్52 ఇంజన్)

ప్రశ్న: బీఎండబ్ల్యూ 325ఐ, ఈ90 మోడల్. పంపు, థర్మోస్టాట్ రెండూ కొత్తవే. లీకు లేదు, ట్యాంకులో కూలెంట్ సరిపడా ఉంది. అయినా కాసేపు తిరిగేసరికి పసుపు థర్మామీటర్ గుర్తు వెలుగుతోంది, హీటర్ పెడితే చల్లగాలే. మెకానిక్ మూత తీసి, ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి గాలి తీశాడట. పంపే తేడానా?

జవాబు 1: హీటర్ చల్లగా ఉందంటే లైన్లో గాలి ఇరుక్కుంది, పంపును అప్పుడే తిట్టకండి. దీనికి బెల్టు లేదు. ఎంత తిరగాలో డీఎంఈ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) నిర్ణయిస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే పంపు తిరిగీ తిరగనట్టే ఉంటుంది, ఐడిలింగ్‌తో గాలి ఎలా పోతుంది?

బండి పూర్తిగా చల్లారాక కూలెంట్ నింపి మూత బిగించండి. బ్యాటరీకి చార్జర్ తగిలించండి. ఇగ్నిషన్ మాత్రమే ఆన్, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేయండి. హీటర్ వేడి గరిష్ఠం, ఫ్యాన్ కనిష్ఠం. యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కి 10 సెకన్లు పట్టుకోండి. పంపు హోరు వినిపిస్తుంది. దాదాపు 12 నిమిషాలు హెచ్చుతూ తగ్గుతూ తిరిగి తనే ఆగుతుంది. తర్వాత లెవెల్ మ్యాక్స్ దాకా నింపండి.

జవాబు 2: స్కానర్‌లో కూలెంట్ వేడి 105 డిగ్రీలు చూసి బెదరకండి. మెల్లగా నడిపేటప్పుడు ఈ ఇంజన్‌ని కావాలనే 112 దాకా ఉంచుతారు, పెట్రోల్ ఆదా కోసం. లోడ్ పడితే 80కి దించుతుంది. స్కానర్‌లో 2ఈ81, 2ఈ82 అనే లోపం కోడ్లు ఉంటే మాత్రం పంపునో, దాని కనెక్టర్‌నో చూడాలి. గుర్తు ఎర్రగా మారితే అక్కడికక్కడే ఆపేయండి.

ప్రశ్నించినవారు: చేశాను. నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. మళ్లీ తొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

జవాబు 1: చార్జర్ పెట్టారా? వోల్టేజ్ పడిపోతే మధ్యలోనే ఆగుతుంది. రెండోసారి చేయాలంటే తాళంచెవి బయటికి తీసి 3 నిమిషాలు ఆగాలి, డీఎంఈ పూర్తిగా నిద్రపోవాలి. లేకపోతే పెడల్ ఎంత తొక్కినా పట్టించుకోదు.

జవాబు 3: పంపు బోల్టులు పాతవే బిగించారేమో కూడా అడగండి. అవి అల్యూమినియంవి, ఒకసారికే పనికొస్తాయి. బదులుగా స్టీలువి వేస్తే ఇంకా నష్టం: బ్లాకు బయటి పొర మెగ్నీషియం, తేమ తగిలితే స్టీలు బోల్టు చుట్టూ ఆ మెగ్నీషియం తుప్పుపట్టి తినేసుకుపోతుంది. కూలెంట్ నీలం రంగుదే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. బోరు నీళ్లు వద్దు.