టిక్ ఫీవర్ నుంచి కోలుకుంటున్న కుక్క, గెడ్డ పక్కన ఇల్లు: ఈ ఎండల్లో ఏమేం చూసుకోవాలి?

గెడ్డగట్టు:
విశాఖలో మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్ పక్కనే ఇల్లు. నాలుగేళ్ల నాటు కుక్క, పేరు పండు, బరువు 18 కిలోలు. టిక్ ఫీవర్ (గోమార్లు కరిస్తే ఒంట్లో చేరే ఎర్లీకియా అనే క్రిమి వల్ల వచ్చేది) అని రక్తపరీక్షలో తేలింది. డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) 100 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 28 రోజుల కోర్సు. ఇవాళ్టికి 11వ రోజు. ప్లేట్‌లెట్లు మొదట 48,000, మొన్న చూస్తే 1,10,000. హిమోగ్లోబిన్ 8.6. వీటితోపాటు కడుపు పుండ్లకి వాడే సుక్రాల్ఫేట్ సిరప్, ఐరన్ టానిక్ కూడా రాశారు. జ్వరం నాలుగో రోజుకే పోయింది. బాగానే తింటోంది, గేటు తీస్తే చాలు నీళ్ల వైపు లాగేస్తోంది.

అడగాల్సినవి ఇవి. ఎంతసేపు నడిపించవచ్చు? నీళ్లలోకి ఎప్పటి నుంచి దిగనివ్వచ్చు? వరండా గోడల్లో ఇంకా గోమార్లు కనిపిస్తున్నాయి. పశువుల మందుల షాపులో అమిట్రాజ్ (గోమార్ల మందు) సీసా ఇచ్చి, నీళ్లలో కలిపి కుక్కకి స్నానం చేయించమన్నారు, గోడలకి కూడా అదే కొట్టమన్నారు. చేయొచ్చా? పైగా ఉగాది దగ్గరపడింది, ఇంటినిండా చుట్టాలు ఉంటారు.

వేపనీడ:
ముందు అమిట్రాజ్ సంగతి. పండుకి ఇప్పుడు ఆ స్నానం వద్దండి. ఆ మందు ఒంట్లోకి ఇంకితే గుండె వేగం తగ్గుతుంది, మత్తుగా పడుకుండిపోతుంది, షుగర్ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క తట్టుకుంటుందేమో గానీ, హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉన్న కుక్కకి అది పెద్ద బరువు. తడి ఆరేలోపు ఒళ్లు నాక్కుంటే ఇంకా ప్రమాదం. అసలు కోర్సు అయ్యేదాకా తలారా స్నానమే అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి.

ప్లేట్‌లెట్ల లెక్క పెరిగిందంటే మందు పనిచేస్తోందన్నమాట. కుక్కల్లో మామూలుగా రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటాయి కాబట్టి ఇంకా సగం దారిలోనే ఉన్నారు. నాలుగో రోజుకి జ్వరం పోయిందని కోర్సు ఆపేసేవాళ్లు చాలామంది. ఈ క్రిమి తెల్లరక్తకణాల్లో దూరి, ప్లీహంలో, ఎముక మూలుగలో దాక్కుంటుంది. మధ్యలో మానేస్తే కొన్ని నెలల తర్వాత మూలుగ దెబ్బతిన్న దశలో తిరగబెడుతుంది, అప్పుడు డాక్సీకి కూడా సరిగా లొంగదు. 28 రోజులంటే 28 రోజులే.

మందులు వేసే వేళల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. సుక్రాల్ఫేట్, ఐరన్, కాల్షియం, పాలు, పెరుగు ఇవన్నీ డాక్సీని పట్టేసుకుని రక్తంలోకి చేరనివ్వవు. అన్నీ ఒకేసారి పెరుగన్నంలో కలిపి పెడితే మందు వేసినట్టే ఉంటుంది, పని మాత్రం సగం కూడా జరగదు. ఇలా పెట్టుకోండి: పొద్దున 7కి తిండి మధ్యలో డాక్సీ, 11కి ఐరన్, సాయంత్రం 4కి సుక్రాల్ఫేట్, రాత్రి 8కి మళ్లీ తిండి మధ్యలో డాక్సీ. పెరుగు పెట్టాలనుకుంటే మధ్యాహ్నం పెట్టండి. సుక్రాల్ఫేట్ రోజుకి రెండుమూడుసార్లు రాసి ఉంటే ఈ లెక్క డాక్టరుగారికి చూపించి సర్దించుకోండి. డాక్సీకీ దానికీ మధ్య కనీసం రెండు గంటలు, ఐరన్‌కీ డాక్సీకీ మధ్య మూడు గంటలు ఎడం ఉండాలి.

డాక్సీ మాత్రని ఎండు గొంతులోకి తోసెయ్యకండి. అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది, ఆ తర్వాత తిండి చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. నాలుగు ముద్దలు తిన్నాక మాత్ర, దాని వెనక ఇంకో నాలుగు ముద్దలు, పైన సిరంజితో 10 మి.లీ. నీళ్లు. వేసిన వెంటనే పడుకోనివ్వకండి.

ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటేదాకా ఎముకలు కొరకనివ్వద్దు, వేరే కుక్కలతో కుస్తీ వద్దు. రోజూ వెలుతుర్లో పొట్ట అడుగున, చిగుళ్ల మీద ఆవగింజంత ఎర్ర చుక్కలు ఉన్నాయేమో చూడండి. చిగురు మీద వేలితో నొక్కి వదలండి: తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. ఐరన్ వాడుతున్నప్పుడు విరేచనం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో వస్తుంది, దానికి భయం లేదు. తారులా జిగురుగా, నీచు కంపుతో ఉంటే మాత్రం అది లోపలి రక్తం, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్కులోంచి రక్తం వస్తే ఐసు గుడ్డలో చుట్టి ముక్కు దూలం మీద పెట్టి, కుక్కని కదలకుండా కూర్చోబెట్టి బయల్దేరండి. ముక్కులో దూది కుక్కొద్దు.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఇబూప్రోఫెన్, ఆస్పిరిన్ ఒక్కటి కూడా వేయకూడదు. బొప్పాయి ఆకు రసం గురించి తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. డాక్సీ చేసే పని అది చెయ్యలేదు. ఆ చేదుకి వాంతి చేసుకుంటే తిండీ పోతుంది, వేసిన మాత్రా పోతుంది.

పెంకుటిల్లు:
గోడల గోమార్ల గురించి నేను రాస్తాను. వీటినే కొందరు పిడుదులంటారు. అసలు జబ్బుకి మూలం అక్కడే ఉంది.

గట్టు మీద పడుకునే గేదెల్ని చూసి అవే తెస్తున్నాయనుకుంటారు. గేదెలకి పట్టేది ఎక్కువగా వేరే జాతి. ఎర్లీకియా తెచ్చేది గోధుమరంగు కుక్క గోమారి. ఇది పూర్తిగా ఇంట్లోనే బతకగలదు. ఒక ఆడది ఉబ్బి, కుక్క మీంచి రాలిపడి, గోడ పగుల్లో వేల గుడ్లు పెడుతుంది. పిల్లకి ఆరు కాళ్లు, కంటికి ఆవగింజలో సగమే కనిపిస్తుంది. అది కుక్కనెక్కి రక్తం తాగి రాలిపోతుంది, గోడలో దూరి కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో వస్తుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ రాలుతుంది. అంటే కుక్క మీద పది కనిపించాయంటే గోడలో వందలున్నట్టే లెక్క. తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలవు కాబట్టి, కుక్కని పది రోజులు వేరే ఇంట్లో ఉంచితే చచ్చిపోతాయనుకోవద్దు.

రాత్రి టార్చి పట్టుకుని వెతకండి. ఇవి పైకి పాకే రకం. నేల మీద కన్నా గోడకి మూడు నాలుగు అడుగుల ఎత్తున, తలుపు ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో, స్విచ్ బోర్డు వెనక, రేకుల కప్పు అతుకుల్లో ఉంటాయి. పగులు అంచున మినప్పొట్టులాంటి గోధుమరంగు పొరలు కనిపిస్తే అవి విడిచిన కుబుసాలు, ఆ పగులు వాటి కాపురం.

ఇప్పుడు మందు కొట్టడం. మీ ఇల్లు మేఘాద్రి గెడ్డ ఒడ్డున ఉంది, ఆ నీళ్లు నగరం తాగునీటికి వెళ్తాయి. డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందులు చేపకీ రొయ్యకీ చుక్కల లెక్కలోనే ప్రాణాంతకం. అమిట్రాజ్ కూడా చేపలకి మంచిది కాదు. అందుకే పంపుతో వరండా అంతా తడపడం వద్దు. ఈ వరసలో చేయండి:

మొదటి రోజు కుక్క పరుపు, గోనె, చాప వేడినీళ్లలో ఉతకండి. ఉత్తి ఎండలో ఆరేస్తే చాలదు, ఈ జాతి ఎండని బాగా తట్టుకుంటుంది. గోడకి చీపురు వేసి, దులిపినదంతా సబ్బునీళ్ల బకెట్లోకి దించండి.

కనిపించిన పగుళ్లలోకి మరిగే నీళ్లు గరిటెతో పోయండి, స్విచ్ బోర్డు దగ్గర మాత్రం కాదు. ఇది గుడ్లని కూడా చంపుతుంది, మందు ఆ పని చెయ్యదు.

ఇంకా మిగిలితే లేబుల్ మీద గోడలకని రాసిన మోతాదులోనే డెల్టామెత్రిన్ అరలీటరు మించకుండా కలిపి, పాత పెయింట్ బ్రష్‌తో పగుళ్లకి మాత్రమే పూయండి. కలిపింది మొత్తం అక్కడే అయిపోవాలి. బ్రష్ కడిగిన నీళ్లు కూడా ఆ గోడకే. కాలవలోకి గానీ గెడ్డలోకి గానీ ఒక్క చుక్క పోకూడదు. వేసవి జల్లు పడేలా మబ్బు పట్టిన రోజు అసలు మొదలుపెట్టద్దు. ఆరేదాకా కుక్కని ఆ వైపు రానివ్వద్దు, పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ మందు పిల్లులకి విషం.

రెండు మూడు వారాలకి మిగిలిన గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. అందుకని రెండు వారాల ఎడంతో మూడుసార్లు చేయాలి. చాలామంది ఒకసారి చేసి పోయాయనుకుంటారు, నెల తర్వాత పిల్లలు బారులు తీరి గోడెక్కుతాయి. చివరిసారి అయ్యాక పగుళ్లు పుట్టీతోనో వైట్ సిమెంటుతోనో పూడ్చి సున్నం వేసేయండి. ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది.

కుక్క ఒంటి మీదకి అయితే ఫ్లూరాలనర్ (12 వారాలకొకటి) లేదా అఫోక్సోలనర్ (నెలకొకటి) అనే, గోమార్లని చంపే నమిలే మాత్రలు ఉన్నాయి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఈ మాత్ర పనిచేయాలంటే గోమారి కరవాలి, చావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎర్లీకియా అంటుకోవడానికి మూడు గంటలు చాలు. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదని లేదు. అందుకే మాత్ర వేసినా గోడ పని తప్పదు, రోజూ చేత్తో వెతకడం తప్పదు. చెవి లోపలి మడతలు, వేళ్ల సందులు, మెడపట్టీ కింద, చంక, తోక మొదలు. సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం, గోటితో నలపడం వద్దు. స్పిరిట్ సీసాలో వేసేయండి.

గెడ్డగట్టు:
చాలా థాంక్సండి. ఇప్పటిదాకా పెరుగన్నంలోనే అన్ని మందులూ కలిపి పెట్టేస్తున్నాం, ఇవాళే మార్చేశాం. స్విచ్ బోర్డు వెనక కుబుసాలు దొరికాయి. మరి నడక, నీళ్ల సంగతి?

తూర్పుగాలి:
స్విచ్ బోర్డు పనికి మెయిన్ ఆపి, బోర్డు విప్పి, పొడి బ్రష్‌తో దులిపించండి. అక్కడ తడి ఏదీ వద్దు.

నడక విషయానికొస్తే విశాఖలో ఎండ కన్నా ఉక్క పెద్ద శత్రువు. కుక్క ఒళ్లు చల్లబడేది నాలుక చాపి రొప్పడం వల్ల. గాలిలో తేమ ఎక్కువైతే ఎంత రొప్పినా వేడి దిగదు. దానికి రక్తహీనత తోడైతే గుండె రెట్టింపు పని చేస్తుంది. పొద్దున ఆరున్నరలోపు, సాయంత్రం ఆరు దాటాక, అయిదేసి నిమిషాలు చాలు. వచ్చాక పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడితే మూడు నాలుగు రోజులకొకసారి ఇంకో అయిదు నిమిషాలు కలపండి. పదిహేను నిమిషాలైనా రొప్పుతూనే ఉంటే ఒక మెట్టు వెనక్కి రండి. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటకూడదు. జ్వరం చేత్తో ముట్టుకుని చెప్పలేం, డిజిటల్ థర్మామీటరుకి వాజిలిన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే. నడిచొచ్చిన అరగంట తర్వాత చూసినా 103 దాటితే, రెండోసారీ అంతే ఉంటే ఫోన్ చేయండి.

నీళ్లలోకి ఇప్పుడే వద్దు. కోర్సు అయ్యాక చేసే పరీక్షలో ప్లేట్‌లెట్లు రెండు లక్షలు, హిమోగ్లోబిన్ 12 దాటాకే ఆలోచించండి. ఈ నెలల్లో నీరు వెనక్కి తగ్గి ఒడ్డున బురద బయటపడుతుంది. అందులో గాలపు ముళ్లు, తెగిన వల ముక్కలు, గాజుపెంకులు ఉంటాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కాలు తెగితే రక్తం ఆగదు. ఎలుకల మూత్రం కలిసిన నిలవనీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. టీకా ఏడాదికొకసారి వేయించాలి, ఎప్పుడు వేయించాలో కోలుకున్నాక డాక్టరుగారే చెబుతారు. నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే ఆ నీళ్లు నాకినా ప్రమాదమే. గేటు దగ్గరికి తీసుకెళ్లేముందు ఇంట్లోనే కడుపునిండా మంచినీళ్లు తాగించండి, బయట తాగాలనే యావ తగ్గుతుంది. పట్టుకునే తాడు ఆరడుగులు మించొద్దు.

మామిడిపూత:
ఉగాది అన్నారు కాబట్టి ఒక మాట. పచ్చడిలో చింతపండు ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా అంతే, అంటే చక్కెరపొంగలి నాకనివ్వద్దు. అన్నిటికన్నా పండుకి ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి: అవి ఎర్రరక్తకణాల్నే పగలగొడతాయి, అసలే తక్కువున్నాయి. కోడికూర పులుసు అన్నంలో కలిపి ప్రేమగా పెట్టే చుట్టం ఒక్కరు చాలు. మామిడి టెంక మింగితే పేగులో అడ్డుపడుతుంది, ఆపరేషనే గతి. టెంకలన్నీ మూతున్న డబ్బాలో వేయండి.

తిండి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, రెండు చెంచాల గుమ్మడి, ఉడికిన గుడ్డు. రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం. కార్జం మంచిదే గానీ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 30 గ్రాములు. పండగ రోజు పొద్దున్నే కడుపు నింపి, వెనక గదిలో ఫ్యాను వేసి, తలుపు మీద "ఏమీ పెట్టవద్దు" అని కాగితం అంటించండి. రాత్రి 8కి వేసే డాక్సీ సందడిలో మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి.