పాపకి ఏఎన్‌కే1 జన్యువులో మార్పు అంటున్నారు, మా ఇళ్లలో ఎవరికీ లేదే?

వానచినుకు:
మా పాపకి ఆరేళ్లు. పుట్టిన రెండో రోజే కామెర్లొస్తే లైట్ కింద పెట్టారు, చాలామందికి ఉండేదేలే అని మర్చిపోయాం. ఈ ఏడాది జ్వరం వచ్చినప్పుడల్లా కళ్లు పచ్చబడుతున్నాయి, హిమోగ్లోబిన్ 8.6. ఒక డాక్టరుగారు ఐరన్ టానిక్ రాస్తే ఆర్నెల్లు తాగించాం, పళ్లు నల్లబడ్డాయి తప్ప రక్తం పెరగలేదు. తలసీమియా లేదన్నారు. అత్తయ్యగారేమో పసరు పోయిద్దామంటారు. ఇప్పుడు జీన్ టెస్టులో ఏఎన్‌కే1 జన్యువులో మార్పు, వంశపారంపర్య స్ఫీరోసైటోసిస్ అని వచ్చింది, ఎర్ర రక్తకణాలు ఉండల్లా అయిపోయే జబ్బట. వంశపారంపర్యం ఎలా అవుతుందండీ? రెండు వైపులా ఎవరికీ రక్తం జబ్బు లేదు. మా ఆయనకి 27 ఏళ్లకి రాళ్లని గాల్ బ్లాడర్ తీశారు, అంతే. ప్లీహం తీసేయాలంటారేమోనని ఒకటే టెన్షన్.

స్లైడు_మనిషి:
ల్యాబ్‌లో పనిచేస్తానండీ. ఆ జన్యువు 8వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంకిరిన్ అనే ప్రోటీన్ తయారు చేస్తుంది. గ్రీకులో లంగరు అనే మాట నుంచి వచ్చిన పేరు, పని కూడా అదే, ఎర్ర కణం పైపొరని లోపలున్న స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ వలకి కట్టి ఉంచుతుంది. కట్టు వదులైతే పొర కొంచెం కొంచెంగా ఊడిపోతుంది, లోపలి సరుకు మాత్రం అలాగే ఉంటుంది. మామూలు కణం చిల్లు పూర్తిగా పడని గారెలా ఉంటే ఇది పునుగులా అయిపోతుంది! పునుగు ప్లీహంలోని సన్నటి సందుల్లో దూరలేక ఇరుక్కుని, 120 రోజులు బతకాల్సింది ముందే చితికిపోతుంది. అలా చితికిన కణాల నుంచి వచ్చే పసుపు పదార్థం వల్లే కళ్ల పచ్చదనం. రిపోర్టులో ఎంసీహెచ్‌సీ, అంటే ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనం, ఎక్కువుందేమో చూడండి.

అసలు సంగతి, ఆ పసుపు పదార్థమే పేరుకుని పిత్తాశయంలో రాళ్లవుతుంది. 27 ఏళ్లకే రాళ్లంటే మీవారికి కూడా స్మియర్ (రక్తపు చుక్కని స్లైడు మీద పరిచి కణాల ఆకారం చూడటం), ఈ జబ్బుని పట్టే ఈఎంఏ అనే రక్తపరీక్ష చేయించండి. కొందరికి ఇది తేలిగ్గా ఉండి బయటపడదు. తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చే కేసులూ ఉంటాయి.

తులసికోట:
నాకూ ఇదే. పసరు మాత్రం వద్దండీ, తప్పు కాలేయానిది కాదు, కణాలది. లోటు ఉందని పరీక్షలో తేలకుండా ఐరన్ కూడా వద్దు. నేను ఫోలిక్ యాసిడ్ వేసుకుంటా. ప్లీహం అందరికీ తీయరు, తీసినా సాధారణంగా అయిదారేళ్లు దాటాకే, అదీ న్యుమోకాకల్ లాంటి టీకాలన్నీ ముందే వేసి. నాకు తొమ్మిదో ఏట తీశారు, ఇప్పటికీ జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగను. పాప ఉన్నట్టుండి పాలిపోయి నీరసపడితే ఆ రోజే చూపించండి, పార్వోవైరస్ సోకితే కొత్త రక్తం తయారవడమే కొన్నాళ్లు ఆగిపోతుంది.

వానచినుకు:
మా ఆయన స్మియర్ వచ్చింది, అన్నీ పునుగులే. అత్తయ్యగారికి చెబితే తాపీగా "మీ మామయ్యగారి కళ్లూ ఎప్పుడూ పచ్చగానే ఉండేవమ్మా, వేడి చేసిందనుకునేవాళ్లం" అన్నారు. రేపు చిన్నాడికి కూడా రక్తం తీయించాలి, వాడు సూది మాట వింటేనే మంచం కింద దూరతాడు.