సమస్య: పటములోపలి గింజలు పైరులయ్యె

మిత్రులారా, ఉగాది వెళ్ళింది కనుక ఈసారి సమస్య ఒక వర్ణచిత్రం మీద. చిత్రకారుడు జొవాన్ని సెగాంతీని 1897లో వేసిన ‘ఆల్ప్స్‌లో వసంతం’ అది. 2019లో లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియం కొన్నది. ముందు రెండు గుర్రాలను నడిపించుకొస్తున్న స్త్రీ, వెనక దుక్కిలో విత్తనం చల్లే మనిషి, ఆ పైన మంచుకొండలు. పై పాదం చివరిదిగా వచ్చేట్టు పద్యం పూరించాలి, ఛందస్సు తేటగీతి.

మల్లేశ్వరం నుంచి:

మంచు కరిగెను, కోయిల మఱల గూసె,
మావి చిగురులు కనువిందు మనకుఁ జేసె,
రైతు చల్లిన నేలపై వాన గురిసె,
పటములోపలి గింజలు పైరులయ్యె.

నిర్వాహకుడు: ధార బాగుంది బాబూ. మూడో పాదంలో రై–వా యతి చెల్లదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆల్ప్స్ కొండల్లో కోయిలా, మావిచిగురూ ఎక్కడివి? అవి మన బెంగళూరు లాల్‌బాగ్‌లో కనిపిస్తాయి, ఈ పటంలో లేవు. వానా లేదు. మూడో పాదాన్ని ‘కొండమంచులు నీరుగాఁ గుమ్మరింప’ అని మార్చి చూడండి.

జయనగర్ నుంచి:

రంగు చెంతనె వేఱొక రంగు నిలుప,
చూచువారల కన్నులు జోడుగూర్ప,
దూరమేగిన కొలఁదిని తోఁచెఁ బచ్చ;
పటములోపలి గింజలు పైరులయ్యె.

నిర్వాహకుడు: భేష్! సెగాంతీని రంగులను ముందే కలిపేయకుండా సన్నని గీతలుగా పక్కపక్కన పేరుస్తాడు. దగ్గరికెళితే ఎరుపూ నీలమూ పసుపూ విడివిడిగా కనబడతాయి, వెనక్కి జరిగితే పొలమవుతుంది. సమస్యలోని అసంభవం చిత్రకారుడి పనితనంతోనే విడిపోయింది. మూడో పాదం నేను పదేపదే చదువుకుంటున్నాను.

మారతహళ్ళి నుంచి:

మాది అనంతపురం వైపు. వసంతంలో మా చేలు ఎండి ఉంటాయి, విత్తేది ఏరువాక దాటి వాన పడ్డాకే. అందుకే ఇలా రాశాను.

చుక్క రాలని చేనిలోఁ జూపు నిలిపి
అయ్య కూర్చుండె; గోడపై నందమైన
యేఱువాకను గీసిన దెవఁడొ గాని,
పటములోపలి గింజలు పైరులయ్యె.

జయనగర్: అమ్మా, నా పూరణ కంటితో ఆగింది, మీది చేనిదాకా వెళ్ళింది. ‘గాని’ ఒక్కటే పాదపూరణకు వేసినట్టుంది.

నిర్వాహకుడు: నాకలా అనిపించలేదు. చేను ఎండింది, పటం పండింది అన్న ఎడమంతా ఆ ‘గాని’ మీదే నిలిచింది.

మారతహళ్ళి: అది తీయను మాస్టారూ. మా అయ్య ఆకాశాన్ని చూసి మాట మొదలుపెట్టేదే దానితో.