డ్రెస్‌కోడ్ రాసే కమిటీలో ఉన్నాను, మీ అనుభవాలు చెప్పండి

కమిటీ_మెంబర్:
మా యూనివర్సిటీలో డ్రెస్‌కోడ్ మళ్లీ రాస్తున్నారు. విద్యార్థుల తరఫున నన్ను కమిటీలో వేశారు. ఇప్పుడున్న రూలు ఒక్క వాక్యమే: "విద్యార్థులు హుందాగా ఉండే దుస్తులు ధరించవలెను." ఏది హుందానో గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన తేలుస్తాడు. నిన్న రానిచ్చిన బట్టలకే ఇవాళ ఆపుతాడు. మీ దగ్గర పనికొచ్చిన రూలు ఏది, చికాకు తప్ప ఏమీ మిగల్చనిది ఏది? రెండూ చెప్పండి.

కెమిస్ట్రీ_పీజీ:
ల్యాబ్ రూల్స్‌ని ఇందులో కలపకండి, విడిగా పెట్టించండి. మా దగ్గర రెండూ ఒకే నోటీసులో ఉండేవి. "జీన్స్ వద్దు" అని ఒక లైను, దాని కిందే "ల్యాబ్‌లో చెప్పులు వద్దు" అని ఇంకో లైను. మొదటిదాన్ని ఎవరూ లెక్కచేయలేదు, దాంతోపాటు రెండోదీ పోయింది. నిజానికి ల్యాబ్‌కి జీన్సే మంచిది. మందపాటి కాటన్, కాళ్లు పూర్తిగా కప్పుతుంది. సింథటిక్ బట్ట మంటకి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. 2008 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో గాలి తగిలితే అంటుకునే రసాయనం సిరంజి నుంచి చిమ్మింది. పని చేస్తున్న అమ్మాయికి ల్యాబ్ కోటు లేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్ ఉంది. 23 ఏళ్లు. కాలిన గాయాలతో జనవరిలో చనిపోయింది. కొత్తగా చేరినవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఈ సంగతే. ఆ తర్వాత కోటు వేసుకోమని మళ్లీ అడగాల్సిన పని దాదాపు ఉండదు.

వర్క్‌షాప్_అసిస్టెంట్:
అక్షరాలా నిజం. నేను మెషిన్ షాప్‌లో పని చేస్తాను. లేత్ (లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే మెషిన్) తిరుగుతున్నప్పుడు వదులుగా ఉన్న చొక్కా చేతులు గానీ, విరబోసిన జుట్టు గానీ చిక్కితే వెనక్కి లాక్కునే టైం ఉండదు. 2011లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఒక విద్యార్థిని రాత్రిపూట ఒక్కతే పని చేసుకుంటుండగా జుట్టు లేత్‌లో చిక్కి ప్రాణం పోయింది.
ఐడీ కార్డు తాడు గురించి ప్రత్యేకంగా రాయించండి. మెడలో వేసుకోకపోతే గేటు దగ్గర ఆపుతారు, మెషిన్ దగ్గర తీసేయమని మాత్రం నోటీసులో ఉండదు. గ్లోవ్స్ మాట కూడా పెట్టండి. చేతులకి మంచిదనుకుని కొత్తవాళ్లు వేసుకొస్తారు. తిరిగే మెషిన్ దగ్గర అవి వేళ్లతో సహా లోపలికి లాగేస్తాయి.

గేటు_దగ్గర_ఆపారు:
ల్యాబ్ రూల్స్‌తో నాకు పేచీ లేదు. నన్ను ఆపింది పరీక్ష రోజు, స్లీవ్‌లెస్ వేసుకున్నానని. ఫ్రెండ్ జాకెట్ అడిగి తెచ్చుకున్నాకే లోపలికి పంపారు. ఈలోపు షార్ట్స్ వేసుకున్న ఇద్దరు అబ్బాయిలు నా పక్కనుంచే వెళ్లిపోయారు, వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. హాల్లో కూర్చుని మొదటి ప్రశ్న ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అందరి ముందూ ఒకాయన నా భుజాల గురించి మాట్లాడాడన్నదే తిరుగుతోంది. "అబ్బాయిల ధ్యాస చెదురుతుంది" అనే కారణం మీ డ్రాఫ్ట్‌లోకి రానివ్వకండి, దయచేసి. చూసేవాడి బాధ్యతని తెచ్చి మా నెత్తిన పెట్టడం అది.

పాత_లెక్చరర్:
అమ్మా, మీకు జరిగింది తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ బట్టల మీద నియమం అనగానే పెత్తనం అనుకోనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షలకి ఇప్పటికీ నల్ల సూటో స్కర్టో, తెల్ల చొక్కా, పైన గౌను వేసుకుని వెళ్తారు. 2012లో ఆడవాళ్లకి ఇది, మగవాళ్లకి అది అన్న తేడా తీసేశారు. 2015లో విద్యార్థి సంఘమే ఓటింగ్ పెడితే నూటికి 75 మందికి పైగా ఉండాలనే అన్నారు. అది రోజూ క్లాసుకి వేసుకునేది కాదు, పరీక్షలకీ వేడుకలకీ మాత్రమే. పైగా వాళ్లని అడిగారు. మీ కమిటీ విద్యార్థుల్ని అడుగుతోందా?

హాస్టల్_కుర్రాడు:
సర్, మాకు వారమంతా ఫార్మల్సే. నాకున్నవి రెండు తెల్ల చొక్కాలు. రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరేసేవాణ్ని. పొద్దున్నకి చొక్కా మిగతా భాగం ఆరేది, కాలరూ చేతుల పట్టీలూ ఆరేవి కావు. వాన రోజుల్లో ఆ తడి చొక్కాతోనే క్లాసులో కూర్చునేవాణ్ని. అందరూ ఒకేలా ఉంటే ఉన్నోడూ లేనోడూ తేడా తెలీదంటారు. బూట్లు చూస్తే చాలు, తెలిసిపోతుంది. ప్రెజెంటేషన్ రోజుకి ఫార్మల్స్ అడగండి, కొనలేనివాళ్లకి డిపార్ట్‌మెంట్‌లో కొన్ని జతలు ఉంచండి. రోజూ మాత్రం వద్దు.

కమిటీ_మెంబర్:
ఇంకా అడగలేదు సర్. సోమవారం మీటింగ్‌లో ఆ మాటే ముందు ఎత్తుతాను. మతానికి సంబంధించిన దుస్తుల దగ్గర టెన్షన్‌గా ఉంది. ఆ లైను ఎలా రాయాలి?

లా_ఫైనలియర్:
తుర్కియేలో యూనివర్సిటీ అమ్మాయిలకి తలకి స్కార్ఫ్ కట్టుకోవడం చాలా ఏళ్లు నిషేధం. కొందరు స్కార్ఫ్ మీద విగ్గు పెట్టుకుని క్లాసుకి వెళ్లారు, కొందరు చదువు మానేశారు. 2010 నుంచి సడలించారు గానీ, ఆ చదువులు పోయినవాళ్లకి పోయినట్టే కదా. మతాన్ని కొట్టొచ్చినట్టు చూపే దుస్తులు, గుర్తులు వద్దన్న ఫ్రాన్స్ 2004 చట్టం కూడా ప్రభుత్వ బడులకే, యూనివర్సిటీ విద్యార్థులకి వర్తించదు. నా మాట అడిగితే నిషేధం లైనే వద్దు. మెషిన్, మంట, ఇన్ఫెక్షన్ ఉన్నచోట మాత్రం ఆ పనికి తగ్గట్టు సర్దుబాటు చెప్పండి.

నర్సింగ్_థర్డ్‌ఇయర్:
సర్దుబాటు కుదురుతుంది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో పేషెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మోచేతి కింద బట్ట, వాచీ ఉండకూడదు, చేతులు శుభ్రంగా కడగడం కోసం. మతం వల్ల ముంజేతులు కప్పుకోవాల్సినవాళ్లకి వాడి పారేసే స్లీవ్‌లు ఒప్పుకున్నారు.

గేటు_దగ్గర_ఆపారు:
అమలు ఎవరి చేతిలో అన్నది కూడా రాయించండి. గేటు దగ్గర ఆపకూడదు. చెప్పాల్సింది ఉంటే తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా విడిగా పిలిచి చెప్పాలి. పరీక్షకి బట్టల వల్ల ఎవర్నీ బయట నిలబెట్టకూడదు, ఇది మాత్రం వదలకండి.

లా_ఫైనలియర్:
కమిటీ ఒప్పుకున్న ప్రతిదీ మినిట్స్‌లో రాయించి, సంతకాలయ్యాక కాపీ తీసుకోండి. మాకు నోటిమాటగా ఇచ్చిన హామీ రిజిస్ట్రార్ మారగానే పోయింది.

కమిటీ_మెంబర్:
అలాగే. ల్యాబ్, మెషిన్ షాప్ రూల్స్ వేరే కాగితం మీద, ప్రతి రూలు పక్కనా కారణంతో రాస్తున్నాను. తాడు, గ్లోవ్స్ అందులోకి వెళ్లాయి. శుక్రవారానికల్లా డ్రాఫ్ట్ ఇక్కడ పెడతాను, చదివి తప్పులు చెప్పండి.