అప్‌డేట్: పెద్దమ్మ కంటి ఆపరేషన్ అయిపోయింది

పోయిన నెల అడిగాను కదా: పాలమూరు దగ్గర ఊళ్ళో ఉండే మా పెద్దమ్మకి రెండు కళ్ళలో శుక్లాలు, చేతిలో పైసా లేదు, హైదరాబాద్‌లో ఉచితంగా ఎక్కడ చేస్తారని. ఎక్కువమంది బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరే చెప్పారు. అక్కడికే తీసుకెళ్ళాను.

1987లో మొదలైనప్పటి నుంచీ డబ్బు కట్టలేనివాళ్ళకి అక్కడ ఉచితంగానే చేస్తున్నారట. పల్లెల్లో వాళ్ళ విజన్ సెంటర్లు, అంటే కళ్ళు పరీక్షించే చిన్న కేంద్రాలు కూడా ఉన్నాయి. ముందే తెలిస్తే మొదటి పరీక్షకి ఇంతదూరం రావాల్సిన పని ఉండేది కాదేమో. అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంట్లో పెట్టే లెన్సు రేట్ల కార్డు చేతిలో పెట్టి భయపెట్టారు, ఆ సంగతి వదిలేద్దాం.

అసలు కష్టం డబ్బు కాదు, పెద్దమ్మని ఒప్పించడం. "నేనొస్తే బర్రెను ఎవరు చూస్తరు?" అదే పాట. పెదనాన్నకి మసకేస్తే వారంలో చేయించారు, ఈమె మాత్రం మూడేళ్ళుగా బియ్యంలో రాళ్ళు చేత్తో తడిమి ఏరుతోంది. చివరికి పక్కింటామె బర్రె బాధ్యత తీసుకుంటే కదిలింది.

కుడికన్ను అయింది. మత్తు కంటికి మాత్రమే, అరగంట కూడా పట్టలేదు. చుక్కల మందు కొన్ని వారాలు వెయ్యాలి, తలస్నానం, పొయ్యి పొగ వద్దన్నారు. పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వకుండా కాపలా కాస్తున్నాం.

మర్నాడు కట్టు విప్పగానే నన్ను చూసి, "గింత నల్లగైనవేంది బిడ్డా?" అంది. రెండో కన్నుకి మళ్ళీ రమ్మన్నారు.